ఆమె చెప్పింది రికార్డులో ఉంది

ఇంట్లో పిల్లలుంటే రేడియో కట్టేయాలనిపించే విషయం ఇవాళ మాట్లాడబోతున్నాను. దయచేసి కట్టేయకండి. పిల్లల ముందు పలకకూడని మాట ఒక్కటీ నా నోట రాదు. అత్యాచారానికి గురైన ఆడమనిషి జరిగింది జరిగినట్టు నోరు తెరిచి చెప్పడం, ఆ మాట పట్టుకుని కోర్టు మెట్లెక్కడం, తీరా అక్కడ ఆ మాట ఏమవుతుందన్నది ఇవాళ్టి విషయం. నాది నెల్లూరు జిల్లా విడవలూరు. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పారా లీగల్ వాలంటీరుగా చేరాను. అంటే ఇలాంటి కష్టం వచ్చినవాళ్ళ వెంట పోలీస్ స్టేషనుకూ ఆస్పత్రికీ కోర్టుకూ తోడు వెళ్ళే పని.

ముందు ఒక పుస్తకం సంగతి చెబుతాను. ‘నో మై నేమ్’ అని 2019లో వచ్చింది. రాసింది చానెల్ మిల్లర్ అనే అమెరికా అమ్మాయి. 2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలో, ఆమె ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉండగా అక్కడి విద్యార్థి ఒకడు దాడి చేశాడు. సైకిళ్ళ మీద అటుగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు చూసి, తరిమి పట్టుకున్నారు. ఆమెకు ఆస్పత్రి మంచం మీద మెలకువ వచ్చింది. జుట్టులో పైన్ చెట్టు ఆకులు చిక్కుకుని ఉన్నాయి. ఏం జరిగిందో వివరంగా తెలిసింది మాత్రం ఆ తర్వాత, ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో వార్త చదువుతున్నప్పుడు. తన గురించిన వార్తే అది. 2016 మార్చిలో జ్యూరీ అతన్ని దోషి అని తేల్చింది. జూన్‌లో జడ్జి ఆరు నెలల జైలు వేశారు. మూడు నెలలకే అతను బయటికొచ్చాడు. శిక్ష వేసేనాడు ఆమె కోర్టులో చదివిన లేఖ ప్రపంచమంతా తిరిగింది గానీ, అప్పటికి ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఎమిలీ డో అనే మారుపేరు మాటునే ఉండి, పుస్తకంతోపాటు సొంత పేరు తనంతట తానే బయటపెట్టింది.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది దాడి జరిగిన రాత్రి కాదు, కోర్టులో గడిచిన రోజులు. ఆ రాత్రి ఏం తిన్నావు, ఎవరు వండారు, ఎంత తాగావు అంటూ అటు పక్షం వకీలు అడుగుతూనే ఉంటాడు. జరిగిన నేరానికీ రాత్రి భోజనానికీ ఏం సంబంధమని ఆమె లోపల కుమిలిపోతుంది. చదువుకున్న పిల్ల, భాష చేతిలో ఉన్న పిల్ల, వెనక కుటుంబం నిలబడిన పిల్ల. సాక్షి బోనులో ఆమెకే మాట తడబడింది.

మన రాష్ట్రంలో ఇలాంటి ఆత్మకథ ఉందా అని ఎవరైనా అడిగితే, ఉంది, విశాఖపట్నం కోర్టు రికార్డులో ఉంది అంటాను నేను. అది పదకొండు మంది ఆడవాళ్ళ ఆత్మకథ. వాళ్ళు నోటితో చెప్పారు, రాసుకున్నది వేరేవాళ్ళు. వాళ్ళది వాకపల్లి.

వాకపల్లి విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలో చిన్న కోందు గూడెం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు మావోయిస్టుల కోసం గాలింపు పేరుతో గూడెంలోకి వచ్చారు. తమ మీద అత్యాచారం జరిగిందని పదకొండు మంది స్త్రీలు ఫిర్యాదు చేశారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు కాదు. బడి మొహం చూసినవాళ్ళు కాదు. కొండ దిగి పాడేరు వచ్చి అధికారుల ముందు నిలబడి చెప్పారు. అదంతా మావోయిస్టులు చెప్పించిన మాట అని పోలీసుల వైపు నుంచి వెంటనే జవాబు వచ్చింది. అంటే ఆ మాట వాళ్ళది కాదని. ఎవరో నేర్పితే అప్పజెప్పారని. కొండ మీద పోడు చేసుకునే ఆడమనిషికి తన ఒంటికి ఏం జరిగిందో ఇంకొకరు నేర్పాలా?

కేసు పెట్టింది 21 మంది మీద. 2012లో హైకోర్టు ఎనిమిది మందిని తప్పించి, పదమూడు మంది విచారణ ఎదుర్కోవాలన్నది. దాని మీద వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2017లో సుప్రీంకోర్టు విచారణ జరగాల్సిందేనన్నది. అప్పటికి పదేళ్ళయింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసులు చూసే విశాఖ ప్రత్యేక కోర్టులో ఆ స్త్రీలు మళ్ళీ మొదటి నుంచీ చెప్పారు. పదేళ్ళ నాటి ఆ పొద్దున ఏ పక్క నుంచి వచ్చారు, ఎందరొచ్చారు, నువ్వెక్కడున్నావు అని అడిగితే మళ్ళీ చెప్పారు. తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. అప్పటికి పదకొండు మందిలో ఇద్దరు చనిపోయారు.

కోర్టు పదమూడు మందినీ నిర్దోషులుగా వదిలింది. అయితే అదే తీర్పులో దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుబట్టింది. ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని చెప్పింది. దర్యాప్తు అధికారి మీద చర్యకు సిఫారసు చేసింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకంటే మన ఊళ్ళలో ‘కేసు కొట్టేశారంట’ అనే మాట ఎంత తొందరగా తిరుగుతుందో, ‘అంటే ఆమె చెప్పిందంతా అబద్ధమన్నమాట’ అనే మాట అంతకన్నా తొందరగా తిరుగుతుంది. ఈ రెండో మాట తప్పు. నిర్దోషి అని కోర్టు చెప్పిందంటే, ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడని సందేహానికి తావులేకుండా రుజువు కాలేదని అర్థం. చట్టం ముందు ఆ పదమూడు మంది నిర్దోషులే, అది ఒప్పుకోవాల్సిందే. కానీ రుజువు ఎందుకు కాలేదో కూడా తీర్పులోనే ఉంది. స్త్రీలు అబద్ధం చెప్పారని తేలి ఉంటే పరిహారం ఇమ్మని ఏ కోర్టూ అనదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రికార్డులో ఉంది. లోపం ఆ మాటను కాపాడాల్సిన చోట జరిగింది.

ఆ చోటు ఏదో తెలుసుకుంటేనే మన ఊళ్ళో ఎవరికన్నా పనికొస్తుంది. పేరు తెలియని మనిషి నేరం చేసినప్పుడు, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే మేజిస్ట్రేటు ముందు గుర్తింపు పరేడ్ జరగాలి. ఒంటిమీది ఆనవాళ్ళు స్నానంతో పోతాయి, బట్టల మీదివి ఉతుకుతో పోతాయి. గాయం వారంలో మానిపోతుంది. జడ్జిగారి ముందుకు వచ్చేనాటికి అవేవీ ఉండవు, కాగితం ఉంటుంది. మొదటి రెండు రోజుల్లో ఆ కాగితం సరిగ్గా పుడితే కేసు నిలబడుతుంది. పుట్టకపోతే పదిహేనేళ్ళు తిరిగినా రాదు.

దర్యాప్తు చెడితే నష్టం ఒక్క వైపే ఉండదు. అదే 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకునే అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. ఒక పేద కుర్రాణ్ణి పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలిపెట్టి, పరిహారం కూడా ఇమ్మన్నది. అతని వయసు జైల్లో గడిచిపోయింది, ఆ అమ్మాయి తల్లిదండ్రులకు తమ బిడ్డను చంపిందెవరో తెలియకుండా పోయింది. న్యాయం కోసం తిరిగే ఆడపిల్లకు కావలసింది ఎవరో ఒకరిని లోపలేయడం కాదు, నిజంగా చేసినవాణ్ణి పట్టుకోవడం.

పాత సంగతి ఒకటి చెప్పాలి. పెద్దవాళ్ళకు గుర్తుండి ఉంటుంది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. అడిగిన ఆమె భర్తను, రిక్షా తొక్కే మనిషిని, కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పోలీసుల పక్షం చేసిన వాదనంతా ఆమె నడవడి మంచిది కాదనే. అయినా కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. ఆ తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, 1981లో అక్కడ అందరూ విడుదలయ్యారు. ఆమె పేరు నేనిప్పుడు పలికాను, ఎందుకంటే అది అప్పటికే చరిత్రలోకి ఎక్కిపోయింది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదనే చట్టం 1983లోగానీ రాలేదు. మహారాష్ట్రలో ఒక ఆదివాసీ పిల్ల కేసులో ఒంటిమీద గాయాల్లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనని సుప్రీంకోర్టు అన్నప్పుడు, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్ళు రోడ్ల మీదికొచ్చారు. అందులోంచి పుట్టింది ఆ 1983 చట్టం.

ఆ తర్వాత చాలా మారింది. నమ్మదగినదిగా ఉంటే బాధితురాలి సాక్ష్యం ఒక్కటి చాలు, దానికి ఇంకో సాక్షి తోడు అక్కర్లేదని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. విచారణ తలుపులు మూసి జరగాలన్నది. ముద్దాయి కనపడకుండా మధ్యలో తెర కట్టవచ్చని 2004లో చెప్పింది. వైద్యపరీక్ష పేరుతో ఆడవాళ్ళను అవమానించే రెండు వేళ్ళ పరీక్ష వద్దని 2013లో ఒకసారి చెప్పి, వినకపోతే 2022లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఆమె గతం గురించి, నడవడి గురించి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగకూడదు. కాగితం మీద రాత చక్కగానే ఉంది.

మరి కోర్టులో ఎలా ఉంటుంది? ఎక్కడి కోర్టో చెప్పను, ఎవరి కేసో చెప్పను. రొయ్యల చెరువు దగ్గర పనిచేసే మనిషి. వాయిదా రోజు పొద్దున్నే ఆటో ఎక్కి, బస్సెక్కి, కూలి పోగొట్టుకుని వచ్చింది. వరండాలో ఒకటే బెంచీ. దాని ఆ చివర ముద్దాయి తల్లి, పెదనాన్న, ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఈ చివర మేమిద్దరం. ఆమె కొంగు చివర ఒక చిన్న కాగితం ముడేసుకుని ఉంది. దాని మీద నేరం జరిగిన తేదీ రాసుంది. మరిచిపోతే అబద్ధమంటారని రాయించుకుందంట.

‘అక్కా, ఆ పొద్దు ఏ రంగు చీర కట్టుకున్నావని అడుగుతాడంట గదా వాళ్ళ లాయరు. నాకు అదేందో గుర్తు రావడంలా. గుర్తు లేదంటే కేసు పోద్దా?’

పోదమ్మా, గుర్తున్నది చెప్పు, లేనిది లేదని చెప్పు, అన్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అటు వకీలు రాలేదు, వాయిదా వేశారు. బంట్రోతు వచ్చి తేదీ చెప్పి పోయాడు. ఆమె కొంగు ముడి విప్పి, ఆ కాగితం వెనక కొత్త తేదీ నాచేత రాయించుకుంది. ఊళ్ళోవాళ్ళలో ఒక్కరు ఆ బెంచీ మీద ఆమె పక్కన ఉండుంటే ఎంత బలంగా ఉండేదో నాకు తెలుసు. చెల్లెలు వస్తానన్నదట, పెద్దవాళ్ళు ఆపేశారట. పెళ్ళి కావాల్సిన పిల్ల కోర్టులో కనపడితే ఎట్లా అని.

అందుకే అసలు మాట ఊళ్ళో ఆడాలి. మన దగ్గర ఇలాంటిది జరిగితే మొదట పోలీసులు రారు, పెద్దమనుషులు వస్తారు. బయటికి పోతే పరువు పోద్దనీ, ఇంతో అంతో ఇప్పిస్తామనీ, పెళ్ళి చేయిస్తామనీ అంటారు. వాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను. పొలం గట్టు తగాదా తీర్చిన పద్ధతిలోనే దీన్నీ తీర్చాలనుకుంటారు. కానీ ఇది ఇద్దరి మధ్య తగాదా కాదు. అత్యాచారం కేసులో రాజీకి చోటు లేదని 2013లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రాజీ మాటల్లో గడిచేది సరిగ్గా ఆ మొదటి రెండు రోజులే. ఆనవాళ్ళు పోయాక, రాజీ కుదరక, నాలుగో రోజు స్టేషనుకు వెళితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న, ఇన్నాళ్ళూ ఏం చేశారని. ఆలస్యం చేసింది ఆమె కాదు, మనం. జవాబు మాత్రం ఆమే చెప్పుకోవాలి, ఏళ్ళ తర్వాత, బోనులో నిలబడి.

నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకు నోరు లేదని మాత్రం అనొద్దు. 1990ల మొదట్లో కలిగిరి దగ్గర దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మ వాళ్ళ ముందు నడిచింది. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఒక్కతే చెబితే సంసారం గుట్టు రచ్చకెక్కించిందన్నారు. ఊరి ఆడవాళ్ళంతా కలిసి చెబితే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. వాకపల్లిలోనూ పదకొండు మందీ కలిసే కొండ దిగారు. ఒక్కతే అయితే అసలు ఫిర్యాదు దాకా వచ్చేదా అని నాకు అనుమానమే.

పేరు సంగతి కూడా చెప్పేస్తాను, చాలామందిని ఆపేది అదే భయం. బాధితురాలి పేరు, ఫోటో, ఆమెను గుర్తుపట్టేలా ఏ వివరమూ పత్రికలో గానీ వాట్సాప్‌లో గానీ పెట్టకూడదు. పెడితే జైలు. ఫోన్‌లో వచ్చింది కదా అని ఇంకొకరికి పంపినా నేరమే. హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థ నడిపే సునీతా కృష్ణన్ వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచారాల వీడియోలను పెన్‌డ్రైవ్‌లో పెట్టి 2015లో సుప్రీంకోర్టుకు లేఖ రాస్తే, కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. ఆమె పదిహేనేళ్ళ వయసులో సామూహిక అత్యాచారానికి గురైన మనిషి. ఆ మాట దేశం ముందు, ప్రపంచం ముందు తన పేరుతో చెప్పింది. చెప్పాలనిపించి చెప్పింది. చెప్పకుండా ఉండే హక్కు కూడా అంతే పెద్దది. పేరు ఆమె సొత్తు. ఇరుగుపొరుగుది కాదు, టీవీవాళ్ళది కాదు.

ఇప్పుడు పని మాటలు. పెన్ను దగ్గరున్నవాళ్ళు రాసుకోండి. జరిగింది ఏ స్టేషను పరిధి అయినా సరే, మీకు దగ్గరున్న స్టేషనులో ఎఫ్‌ఐఆర్ కట్టించవచ్చు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మా పరిధి కాదు, కోవూరు పో, నెల్లూరు పో అని తిప్పి పంపకూడదు. ఆమె చెప్పేది మహిళా పోలీసు రాసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్నానం చేయించకండి, ఆ బట్టలు ఉతకకండి. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు. ఆస్పత్రి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా వైద్యం ఉచితంగా చేయాల్సిందే. ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మనకూడదు. ఆమె ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి. పోలీసులకు తెలిసిన 24 గంటల్లోగా ఆమెను డాక్టరు దగ్గరికి పంపాలి. మేజిస్ట్రేటు ముందు స్టేట్‌మెంట్ వీలైనంత తొందరగా ఇప్పించండి, అది తర్వాత కేసుకు వెన్నెముక. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఆమెకు చెప్పాలి. చెప్పకపోతే వెళ్ళి అడగండి.

లాయరుకు డబ్బులేదని వెనకాడొద్దు. ఆస్తి ఎంతున్నా, ఆదాయం ఎంతున్నా, ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఉంది. కేసు పోయినా అంతటితో అయిపోదు, పైకోర్టుకు వెళ్ళే హక్కు 2009 చివరి నుంచి బాధితురాలికి సొంతంగా ఉంది. పరిహారం కేసు గెలిస్తేనే ఇస్తారనుకోకండి, దరఖాస్తు ముందే పెట్టవచ్చు.

వాయిదా రోజు ఎవరికైనా వీలుంటే ఆమె పక్కన కూర్చోండి. విచారణ గది తలుపులు మూస్తారు గానీ, వరండా బెంచీ మీద కూర్చోవద్దని ఎవరూ అనరు. నెంబర్లు నిదానంగా చెబుతున్నాను. ఆపదలో పోలీసుకు 112. ఆడవాళ్ళ సహాయానికి 181. పిల్లలకు 1098. ఉచిత న్యాయసహాయానికి 15100. మళ్ళీ ఒకసారి, ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.